అత్తయ్యగారి ఇనప కుంపటి

మీ ఇంటి అటక మీద ఏమేం వున్నాయో మీకు గుర్తుందా? నాకైతే గుర్తు లేదు. కార్తీకం వెళ్ళాక, పురిటికి వచ్చిన మా అమ్మాయి కోసం వెనక గది సర్దుతూ అటక దులిపిస్తే పాత ట్రంకు పెట్టె, చిల్లు పడ్డ గంగాళం, చెయ్యి విరిగిన కుర్చీ... వీటన్నిటి వెనక గోనెపట్టాలో చుట్టిన మూటొకటి కనబడింది. మా వారు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిచ్చెన దిగుతూ "ఇదేంటే బాబూ, రోలు మోసినట్టుంది!" అన్నారు.

విప్పి చూద్దుము కదా, ఇనప కుంపటి! రేకుది కాదు, పోత ఇనుముది. గుండ్రటి గిన్నెలాంటి ఒళ్ళు, మూడు పొట్టి కాళ్ళు, పట్టుకోవడానికి రెండు చెవులు, లోపల బొగ్గులు నిలవడానికి ఊచల జాలీ, దాని కింద గాలికీ బూడిదకీ ఒక కన్నం. ఎప్పుడో ఏ దీపావళికో పూసిన వెండి రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఆ పెచ్చుల కింద నుంచి తుప్పు ఉబికి వస్తోంది. ముట్టుకుంటే చాలు, వేళ్ళకి ఎర్రటి పొడి!

"ఏవండీ, రేపు పాత ఇనప సామాన్లవాడు వస్తే వేసేద్దామండీ. అంతో ఇంతో వస్తుంది" అన్నాను.

నా మాట పూర్తి కాలేదు, సావిట్లోంచి అత్తయ్యగారి గొంతు వినబడింది. "దాంతోపాటు నన్నూ తక్కెట్లో కూచోబెట్టి తూచెయ్యమ్మాయ్!"

ఆవిడ ఎనభై దాటిన మనిషి. మాట పొదుపు. అలాంటి మనిషి ఆ మాట అనేసరికి నా నోట మాట రాలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, కుంపటి పక్కనే చతికిలబడి, దాని చెవులు నిమిరారు. "అమ్మాయి నీళ్ళాడేది పుష్యమాసంలో. మన మెట్ట చలి నీకు తెలియదా? బాలింతరాలి గదిలో కుంపటి లేకపోతే ఎలా? నా నలుగురికీ ఇదే. దీన్ని బాగుచెయ్యండి" అన్నారు.

అదీ సంగతి. ఇక చెయ్యకుండా వుంటానా!

గ్యాసు పొయ్యిల ముందు పెరిగిన చిన్న కోడళ్ళకి కుంపటంటే 'గుండెల మీద కుంపటి' అన్న మాటలో తప్ప తెలియకపోవచ్చు. మా చిన్నప్పుడు పొద్దున్నే కాఫీ కుంపటి మీదే. పాలు తోడు పెట్టేముందు గోరువెచ్చన చేసేది కుంపటి మీదే. వానాకాలంలో తడి బట్టలు ఆరేది దాని చుట్టూనే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద ఆడవాళ్ళ పేరున గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలెట్టాక పల్లెల్లో కూడా కుంపట్లు ఒక్కొక్కటే అటకెక్కాయి. మాదీ అలాగే ఎక్కివుంటుంది.

అత్తయ్యగారి పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో పడితే, అవి సముద్రానికి పోవడానికి వున్నది ఒక్క ఉప్పుటేరు దారే. అంచేత వానలు ముదిరితే లంక ఊళ్ళలోకి నీళ్ళు రావడం వాళ్ళకి కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడా లంకల వాళ్ళు ఇబ్బంది పడ్డారు. నీళ్ళొస్తే మట్టి పొయ్యి ముద్దయిపోతుంది కదా! అప్పుడు బల్ల మీద పెట్టుకుని గంజి కాచుకోవడానికి కుంపటే దిక్కు. "ఇంటికి ముందు కుంపటి కొనుక్కునేవాళ్ళం, తర్వాతే మంచం" అంటారు అత్తయ్యగారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆవిడ చెల్లెలి కొడుకు వుంటున్నాడు. మా వారికి తమ్ముడి వరస. ఏడాదికి రెండుసార్లు, చినవెంకన్న కల్యాణాలప్పుడు ద్వారకా తిరుమల వస్తాడు. వచ్చినా వసారా దాటి లోపలికి రాడు. కాఫీ తాగి, పెద్దమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. అదేదో ఆయన మొహమాటం అనుకునేదాన్ని ఇన్నేళ్ళూ.

సరే, కుంపటి సంగతికొద్దాం. మీరెవరైనా ఇలాంటి పని పెట్టుకుంటారేమోనని, నేను చేసిన తప్పులతో సహా చెబుతున్నాను.

మొదట రంగు. పాతకాలం రంగుల్లో సీసం వుండేది. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందుది ఎంత విషమో మనకేం తెలుసు? ఇంట్లో కడుపుతో వున్న పిల్ల! అందుకని కుంపటిని పెరటి చివర కొబ్బరిచెట్టు కిందికి చేర్చి, ముక్కుకి గుడ్డ కాకుండా మందుల షాపులో దొరికే మంచి మాస్కు కట్టుకుని, పొడిగా గీకకుండా నీళ్ళతో తడిపి గీకాను. పెచ్చులన్నీ కాగితంలో పోగుచేసి మూటకట్టి పారేశాం. అమ్మాయిని ఆ చాయలకి రానివ్వలేదు. నేను చీర మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే లోపలికి.

తర్వాత తుప్పు. హార్డ్‌వేర్ షాపులో ఇనప తీగల బ్రష్షు కొనుక్కొచ్చి రెండు రోజులు రుద్దాను. పైపైన లేచిన తుప్పు రాలింది గానీ, గుంటల్లో వున్నది కదల్లేదు. అప్పుడు అత్తయ్యగారు "చింతపండు పెట్టమ్మా. రాగి చెంబుకి పనికొచ్చింది ఇనుముకి పనికిరాదా?" అన్నారు. నిజమే! చింతపండులోని పులుపు తుప్పుని కరిగిస్తుంది. నల్లబడిపోయిన పాత చింతపండు ఒక వీశెడు నానబెట్టి, ఆ గుజ్జు మెత్తి మూడు గంటలు వుంచి తోమితే అడుగున బూడిదరంగు ఇనుము కనబడింది. ఎంత సంబరమేసిందో! చింతపండు లేనివాళ్ళు వెనిగరులో సగానికి సగం నీళ్ళు కలిపి వాడుకోవచ్చు.

ఆ సంబరంలోనే తప్పు చేశాను. ఊచల జాలీని చింతపండు నీళ్ళ బకెట్లో వేసి, పొద్దున్నే తీద్దామని పడుకున్నాను. పొద్దున చూస్తే తుప్పు పోయిన మాట నిజమే, తుప్పుతోపాటు ఇనుమూ కొంత పోయింది! అసలే బక్కచిక్కిన ఊచలు రెండు పుల్లల్లా తయారయ్యాయి. పులుపుకి తన పర బేధం వుండదు, తుప్పు తినేశాక మంచి ఇనుమునీ తింటుంది. గంటలు లెక్కపెట్టుకోవాలి గానీ రాత్రంతా వదిలెయ్యకూడదు. "వంకాయ కూరలో చింతపండు ఎక్కువైతేనే ఊరుకోవు, ఇదేం పనమ్మా" అని అత్తయ్యగారు చివాట్లు పెట్టారు. కొత్త జాలీ చేయించాల్సి వచ్చింది.

రెండో తప్పు కూడా చెప్పేస్తాను. పులుపు విరగడానికి చాకలి సోడా నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పసుపు రాసినట్టు ఒళ్ళంతా కొత్త తుప్పు! ఒలిచిన ఇనుము పచ్చి పుండులాంటిది. తడి తగిలితే గంటలో తుప్పెక్కుతుంది. మళ్ళీ తోమి, ఈసారి పొడిగుడ్డతో తుడిచి, వెంటనే నాలుగు కొబ్బరి డొక్కలు లోపల వెలిగించి సన్నసెగ మీద ఒళ్ళంతా ఆరేలా చేశాను. సన్నసెగ అని ఎందుకంటున్నానంటే, పోత ఇనుములో బొగ్గుపాలు ఎక్కువ, నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు వుంటుంది. అందుకే అది గట్టిదే గానీ పెళుసు. గబుక్కున వేడెక్కినా, కాలుతున్నప్పుడు చన్నీళ్ళు పడినా పగులుతుంది.

ఆ పగులు మా కుంపటికి అప్పటికే వుంది! ఆరాక గరిటతో చుట్టూ తట్టి చూస్తే ఒకచోట ఖంగుమని మోగింది, ఒకచోట బొక్కుగా పలికింది. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ, అలాగే. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులులోకి దిగిన చమురు పైకి వచ్చి వెంట్రుకలాంటి గీత కనబడింది, అంచు నుంచి జానెడు కిందికి. భీమడోలులో వెల్డింగు చేసే అబ్బాయి దగ్గరికి మా వారు తీసుకెళ్ళారు. అతను మంచివాడు. "అంకుల్, మామూలు రాడ్డుతో అతికితే ఇవాళ అంటుకుని రేపు పక్కన పగులుద్ది. నికెల్ రాడ్డు కావాలి, ముందు మొత్తం వేడి చెయ్యాలి, మళ్ళీ బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి. కుంపటే కదండీ, చమురు పోసేది కాదుగా!" అని, పగులు ఆగిన చోట చిన్న బెజ్జం వేశాడు. ఆ బెజ్జం దాటి పగులు ముందుకి పాకదట. పైన ఇనప పట్టీ వేసి రెండు నట్లు బిగించాడు. చిరిగిన చీరకి చివర కుట్టేసి ఆపినట్టన్నమాట!

ఇక నూనె. అత్తయ్యగారు ఆముదం అన్నారు. నేను అవిసె నూనె అన్నాను. ఇద్దరం పంతానికి పోకుండా ఒక కాలికి ఆముదం, ఇంకో కాలికి అవిసె నూనె రాశాం. పల్చగా రాసి, రాయనట్టే తుడిచేసి, వేడి చెయ్యాలి. మర్నాటికి ఆముదం కాలు జిడ్డుజిడ్డుగా దుమ్ము పట్టింది. అవిసె నూనె కాలు నల్లగా ఆరి గట్టిపడింది. ఆ నూనెకి ఆరి పొరకట్టే గుణం వుంది, ఆముదానికి లేదు. "ఈసారికి నువ్వే గెలిచావు" అన్నారావిడ. అలా మూడుసార్లు రాసేసరికి కుంపటి కొత్త పెనంలా నిగనిగలాడింది.

చివరికి లోపలి పూత. నిప్పు నేరుగా ఇనుముకి తగలకుండా పుట్టమన్నుతో మెత్తుతారు. మా ఊరి స్వామి వారి పాదాలు పుట్టలో వున్నాయని నమ్మకం కదా, కొండ దగ్గర పుట్ట మీద చెయ్యి వెయ్యనివ్వలేదు అత్తయ్యగారు. మామిడితోటలో పాడుబడిన పుట్ట నుంచి తెప్పించాం. ఊకా, పేడా కలిపి కాళ్ళతో తొక్కి, ఆవిడే స్వయంగా చేత్తో మెత్తారు. ఎండలో పెడితే నెర్రెలిస్తుందని వారంపాటు నీడలో ఆరబెట్టాం. నెర్రెలు పడ్డచోట మళ్ళీ తడిపి అలికారు. ఆ వారం రోజులూ ఆవిడ ముఖంలో కళ చూడాలి! అప్పటికి ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున కొండ మీద తిరుప్పావై వినబడే వేళకే లేచి కుంపటి ఆరిందో లేదో చూసుకునేవారు.

ఇంతవరకూ బాగానే వుంది. అసలు కథ ఇక్కడ మొదలైంది.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో వుంటాడు. ఒకరోజు వీడియోలో మాట్లాడుతూ వాళ్ళమ్మమ్మ పక్కన కుంపటి చూసి మురిసిపోయాడు. "అత్తయ్యా, ఎంత బాగా చేశారు! మా ఇంట్లోనూ పాత ఇనప పొయ్యి వుంది చూడండి" అని చూపించాడు. నిలువెత్తు నల్లటి పోత ఇనప పొయ్యి, ముందు అద్దం తలుపు. చలిదేశాల్లో ఇలాంటివాటితోనే గదులు వెచ్చబెట్టుకునేవారట. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలోనే పోత ఇనుముతో ఒకటి తయారుచేశాడు. నేను చూసినది మాత్రం ఆ పొయ్యి నెత్తిన, ఇంటి కప్పు చీల్చుకుని పైకి పోతున్న నల్లటి గొట్టాన్ని.

"మరి మీ దానికి గొట్టమేదత్తయ్యా?" అన్నాడు.

"కుంపటికి గొట్టమేంట్రా! బొగ్గులు ఎర్రబడ్డాక పొగెక్కడిది?" అన్నాను నవ్వుతూ.

వాడు నవ్వలేదు. "పొగ కాదత్తయ్యా భయం. కనబడనిది. అది వస్తే కూతపెట్టే మిషను మా గోడకి పెట్టుకున్నాం. చెల్లాయి గదిలో పెట్టకండి, ముందు డాక్టర్నడగండి" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత అమ్మాయిని ఏలూరు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు అడిగాను. డాక్టరమ్మగారు కలం పక్కన పెట్టి మరీ చెప్పారు. బొగ్గు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పొగ పోయి బొగ్గు ఎర్రగా, అందంగా వున్నప్పుడు కూడా వస్తూనే వుంటుంది. నిప్పుల మీద సన్నగా నీలి మంట ఆడుతుంది చూడండి, అది ఆ వాయువు మండడమే. మండకుండా మిగిలింది గదిలో చేరుతుంది. మన నెత్తురు ప్రాణవాయువుని పట్టుకునేదానికంటే రెండువందల రెట్లకు మించి గట్టిగా దీన్ని పట్టుకుంటుందట! ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వాంతులు, మగత. నిద్రలో వున్న మనిషికి ఇవేమీ తెలియవు. నిద్రలోంచి నిద్రలోకే పోతారు.

"మరి మా పెద్దవాళ్ళందరూ పెట్టుకున్నారు కదండీ?" అన్నాను.

"వాళ్ళవి పెంకుటిళ్ళు కాదుటమ్మా! పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు మీది స్లాబు, అద్దాల కిటికీ. అదే కుంపటి కావచ్చు, అదే గది కాదు" అన్నారావిడ.

నాకు చటుక్కున నా పురుడు గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటివాళ్ళు అప్పుడే కొత్త డాబా వేశారు. మూడో రాత్రి తల పగిలిపోయే నొప్పి, వాంతి. దిష్టి తగిలిందని మా అమ్మ నన్ను వసారాలో కూచోబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. గంటలో తేలికపడ్డాను. ఎంత దిష్టి తగిలిందో అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం. ఇప్పుడు తెలిసింది, నన్ను బతికించినవి మిరపకాయలు కావు, వసారాలోని గాలి!

ఇంటికొచ్చే దారంతా ఒకటే ఆలోచన. ఈ మాట అత్తయ్యగారికి ఎలా చెప్పను? నెలరోజులు ఆవిడ చేతులతో మెత్తిన కుంపటి! చెప్పకపోతే పిల్ల ప్రాణం. మీరైతే ఏం చేసేవారు? ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ కాళ్ళ దగ్గర కూచుని డాక్టరమ్మగారు చెప్పినవన్నీ చెప్పాను. కోప్పడతారనుకున్నాను. "మా కాలంలో..." అంటారనుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. చాలాసేపటికి, "తలుపులు మూసేస్తేనా?" అన్నారు. అవునన్నాను. "సందుల్లో గోనెసంచులు కుక్కేస్తేనా?" అన్నారు. నాకర్థం కాలేదు.

అప్పుడు చెప్పారు. అరవై ఏళ్ళ కిందటి మాట. మా వారు ఆవిడ చంకలో పిల్లాడు. చెల్లెలి పురిటికి సాయంగా లంకకి వెళ్ళారు. చెల్లెలు నీళ్ళాడి పదకొండు రోజులు. ఆ రాత్రి తుఫాను. గాలికి తాటాకు కప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. బాలింతరాలికి చలిగాలి తగలకూడదని తలుపులు బిడాయించి, సందులన్నిటా గోనెసంచులు కుక్కి, గదిలో ఈ కుంపటే పెట్టారు. పసివాడు ఏడుస్తున్నాడని వాళ్ళమ్మగారు ఎత్తుకుని వసారాలోకి తెచ్చి పడుకోబెట్టుకున్నారు. పొద్దున్నే తలుపు తీస్తే చెల్లెలు లేవలేదు. ముఖం మాత్రం నిద్రపోతున్నట్టే వుందట.

"గాలి సోకిందన్నారమ్మా. తల్లిని మింగినవాడని ఆ పసివాణ్ణి అన్నారు. అమ్మ ఈ కుంపటి వంక చూడలేకపోయింది. చెల్లెలు ఆఖరుసారి చలికాగింది కదా అని నేను తెచ్చుకున్నాను." ఆవిడ కాసేపాగి, "ఆ రాత్రి బొగ్గులు వేసింది నేనే" అన్నారు.

నేనేం మాట్లాడగలను? అరవై ఏళ్ళ తర్వాత ఇదే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. డాక్టరమ్మగారిని తర్వాత అడిగితే "అలాగే అయివుండొచ్చు" అన్నారు, అంతే. ఆ రాత్రి మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని "మీకు తెలియదు కదా అత్తయ్యగారూ. వెచ్చగా వుండాలని వేశారు" అన్నాను. చెప్పి తప్పు చేశానేమో అని నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి లేచి చూస్తే కుంపటి వెనక గదిలో లేదు. పనమ్మాయి సాయంతో ఆవిడే వసారాలోకి చేర్పించారు. ఇటు గాలి, అటు గాలి. "దీని చోటు ఇదీ. గుమ్మం లోపలికి వచ్చిందంటే ఊరుకోను" అన్నారు.

మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఏలూరు ఆసుపత్రిలో నర్సమ్మలు పిల్లని తల్లి ఒంటికి ఆనించి పైన దుప్పటి కప్పడం నేర్పారు. కంగారూ పద్ధతంటారట. 1978లో కొలంబియా దేశంలో బొగోటా ఆసుపత్రిలో మొదలైందట, బరువు తక్కువ పిల్లల కోసం. తల్లి ఒంటి వేడి కంటే మంచి కుంపటి ఏముంది చెప్పండి! తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు. సాంబ్రాణి పొగ కూడా వద్దన్నారు, పసి ఊపిరితిత్తులకి ఏ పొగైనా పొగే అని. అత్తయ్యగారు దానికీ తలూపారు. పిల్లకి స్నానం నీళ్ళు మాత్రం వసారాలో కుంపటి మీద కాగాయి.

బారసాలకి లంక నుంచి ఆ తమ్ముడు వచ్చాడు. ఎప్పటిలాగే వసారాలో ఆగిపోయాడు. అత్తయ్యగారు అతన్ని కుంపటి పక్కన కూచోబెట్టుకుని ఏదో చెప్పారు. నేను కిటికీలోంచి చూశాను గానీ వినలేదు, వినకూడదనిపించింది. అరవై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి అత్తయ్యగారు అందరికీ వినబడేలా "అమ్మాయ్, పిల్లని మొదట వీడి చేతికివ్వండి. వీడు ఎవర్నీ మింగలేదు" అన్నారు.

అతను గుమ్మం దాటి లోపలికొచ్చాడు. పిల్లని చేతుల్లోకి తీసుకున్నాడు. నాకు తెలిసి మా ఇంట్లో అతను లోపల కూచుని భోంచెయ్యడం అదే మొదలు.

తుప్పు ఒక్క ఇనుముకే పడుతుందని ఎవరన్నారండీ!

మీలోనూ చాలామంది ఇళ్ళలో చలికాలం కుంపటో, బొగ్గుల బాల్చీయో గదిలో పెట్టుకునే అలవాటు వుండవచ్చు. కరెంటు పోయినప్పుడో, పెళ్ళిళ్ళ వంటలు మూసిన షెడ్డులో చేసేటప్పుడో కూడా ఇదే ప్రమాదం. అందుకని ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

- బొగ్గుల కుంపటి ఆరుబయటో, రెండువైపులా గాలి ఆడే వసారాలోనో తప్ప పడకగదిలో వద్దు. కిటికీ కొద్దిగా తెరిచాం కదా అని నమ్ముకోవద్దు.
- బూడిద కప్పిన నిప్పు ఆరినట్టు కాదు. పడుకునేముందు లోపలికి తెచ్చుకోవద్దు. పోత ఇనుముదైతే నీళ్ళు పొయ్యకుండా, పైన మూత పెట్టి, కింద కన్నం మూసి బయటే ఆరనివ్వండి.
- నిప్పున్న చోట ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వస్తే దిష్టీ, అజీర్తీ అనుకోవద్దు. వెంటనే అందర్నీ బయటి గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.
- వాడకం అయ్యాక బూడిద దులపకుండా కుంపటి దాచొద్దు. బూడిద తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. దులిపి, పల్చగా నూనె రాసి, గోనెపట్టాలో కాకుండా పొడిగుడ్డలో చుట్టి పెట్టండి.

ఇప్పుడు మా వసారాలో రోజూ పొద్దున్న అత్తయ్యగారి కాఫీ ఆ కుంపటి మీదే. నిప్పు రాజుకునేదాకా తాటాకు విసనకర్రతో విసురుతారు. మునిమనవరాలు అమ్మ ఒళ్ళో దుప్పట్లోంచి కళ్ళు విప్పి అటే చూస్తుంది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆవిడ కాఫీతోపాటు ఒక మాట కూడా ఇస్తారు. "నిప్పుకి వాకిలి, బాలింతకి గాలి. మర్చిపోకండే!"

ఇంతకీ మీ అటక మీద ఏముందో చూశారా? ఈ ఆదివారం ఒకసారి నిచ్చెన వేయించండి.